తగ్గుదలా? తగ్గింపా? నౌన్ ఫ్రేజ్‌లో మాయమయ్యే మనుషులు

"అర్థం మారకుండా, నౌన్ ఫ్రేజ్ వాడి ఈ వాక్యాన్ని తిరిగి రాయండి." ఇంగ్లిష్ మీడియంలో చదివిన మనందరికీ ఈ ప్రశ్న పాత చుట్టమే. స్కూల్ గ్రామర్ పుస్తకంలో పలకరిస్తుంది, బీటెక్‌లో కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్‌కి వస్తుంది, ప్లేస్‌మెంట్ వెర్బల్ టెస్టులో వేషం మార్చుకుని మళ్లీ ఎదురవుతుంది. "ద లేక్ ష్రాంక్" అని ఇస్తే మనం "ద ష్రింకింగ్ ఆఫ్ ద లేక్" అని రాసేసి, మార్కు వేసుకుని ముందుకి వెళ్లిపోతాం.

మనం పెద్దగా పట్టించుకోంది ఏంటంటే, ప్రశ్నలో కష్టమైన భాగం "నౌన్ ఫ్రేజ్ వాడి" అన్నది కాదు, "అర్థం మారకుండా" అన్నది. వాక్యాన్ని నామపదంగా మార్చడం చాలా తేలిక. మార్చేటప్పుడు ఏం జారిపోయిందో కనిపెట్టడమే కష్టం. అలా జారిపోయినదాన్ని పట్టుకోడానికి మన దగ్గర ఒక మంచి డీబగ్గర్ ఉంది. అదే తెలుగు. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది ఇంతే.

ఉదాహరణలన్నీ మన ఏలూరు, గూడెం, కొల్లేరు చుట్టుపక్కలవే తీసుకున్నాను. మన పత్రిక మొత్తం తెలుగు లిపిలోనే ఉండాలి కాబట్టి ఇంగ్లిష్ వాక్యాలు కూడా తెలుగు అక్షరాల్లోనే ఉంటాయి. ఒక్కసారి పైకి చదువుకోండి, ఇబ్బంది ఉండదు.

ముందు మెకానిజం

ఒక మామూలు వాక్యం: "ద ఫార్మర్ కేర్‌ఫుల్లీ రిపెయిర్డ్ ద బండ్." రైతు జాగ్రత్తగా గట్టు బాగుచేశాడు. దీన్ని నౌన్ ఫ్రేజ్ చేస్తే: "ద ఫార్మర్స్ కేర్‌ఫుల్ రిపెయిర్ ఆఫ్ ద బండ్."

ఇక్కడ ఐదు మార్పులు జరిగాయి. క్రియ నామవాచకం అయింది. కర్తకి అపాస్ట్రఫీ 'ఎస్' వచ్చింది. కర్మ ముందు "ఆఫ్" చేరింది. "కేర్‌ఫుల్లీ" అనే యాడ్వెర్బ్ "కేర్‌ఫుల్" అనే యాడ్జెక్టివ్ అయింది. ఐదోది, కాలం ఎగిరిపోయింది. "రిపెయిర్డ్" లో ఉన్న గతం "రిపెయిర్" లో లేదు.

ఇంగ్లిష్‌లో ఇంకో దారి కూడా ఉంది: "ద ఫార్మర్స్ కేర్‌ఫుల్లీ రిపెయిరింగ్ ద బండ్." దీన్ని జెరండ్ అంటారు. ఇందులో "ఆఫ్" రాలేదు, యాడ్వెర్బ్ మారలేదు. అంటే సగం వాక్యంలాగే మిగిలింది. ఈ రెండు రకాలకీ ఉన్న తేడా మీద నోమ్ చామ్‌స్కీ 1970లో "రిమార్క్స్ ఆన్ నామినలైజేషన్" అని ఒక పెద్ద పేపరే రాశాడు. అవును, మన ఫార్మల్ లాంగ్వేజెస్ సబ్జెక్టులో గ్రామర్ల హైరార్కీకి పేరున్న చామ్‌స్కీనే.

ఇప్పుడు అదే పని తెలుగులో చేద్దాం. "రైతు జాగ్రత్తగా గట్టును బాగుచేశాడు" అన్నది "రైతు జాగ్రత్తగా గట్టును బాగుచేయడం" అవుతుంది. చూశారా? తోక ఒక్కటే మారింది. రైతు రైతుగానే ఉన్నాడు. "గట్టును" లో 'ను' అలాగే ఉంది. "జాగ్రత్తగా" కూడా కదల్లేదు. మన '-అడం' ఎంత మర్యాదస్తురాలంటే, ఇంట్లోకి వచ్చినా సామాను ఏదీ కదపదు. పోయింది కాలం ఒక్కటే. కాలం కూడా కావాలంటే దానికీ దారుంది: "రైతు గట్టును బాగుచేసిన సంగతి", "బాగుచేస్తున్న సంగతి", "బాగుచేయబోయే సంగతి". మొత్తం వాక్యం వచ్చి ఒక నామపదం ముందు కూర్చుంటుంది.

ఫంక్షన్ ఉంది, ఆర్గ్యుమెంట్లు ఏవి?

సీఎస్ఈ వాళ్ల భాషలో చెప్తాను. క్రియ అనేది ఒక ఫంక్షన్ అనుకోండి: కొట్టించు(ఎవరు, దేన్ని, ఎప్పుడు). వాక్యం రాసేటప్పుడు ఈ ఆర్గ్యుమెంట్లు ఇవ్వకపోతే ఇంగ్లిష్ గ్రామర్ ఎర్రర్ ఇస్తుంది. "డిమాలిష్డ్ ద బండ్స్" అంటే వెంటనే "ఎవరు?" అని అడుగుతాం. పాసివ్ వాడితే తప్ప కర్తని దాటేయలేం. కానీ "డిమాలిషన్" అన్నాక ఆర్గ్యుమెంట్లన్నీ ఆప్షనల్ అయిపోతాయి. "ద డిమాలిషన్" అని ఒక్క మాట రాసినా కంపైల్ అవుతుంది, వార్నింగ్ కూడా రాదు.

ఇది ఉత్త గ్రామర్ ముచ్చట కాదు అనడానికి మన పక్కనే ఉన్న కొల్లేరు సాక్ష్యం.

కొల్లేరు కథని ముందు పూర్తి వాక్యాల్లో చెప్పుకుందాం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు లాంటివి దీంట్లోకి నీళ్లు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకెళ్తుంది. 1970ల్లో ప్రభుత్వం లంక గ్రామాల సహకార సంఘాలకు చేపల చెరువుల కోసం సరస్సులో భూమి ఇచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో బయటి నుంచి పెట్టుబడి పెట్టినవాళ్లు కూడా లీజులకు తీసుకుని చెరువులు తవ్వించారు. 1999లో ప్రభుత్వం 5వ కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత వరకు, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం "ఆపరేషన్ కొల్లేరు" పేరుతో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు కొట్టించింది.

ఇప్పుడు దీన్ని ఒక రిపోర్టు భాషలోకి మార్చండి: "ద ఎన్‌క్రోచ్‌మెంట్ ఆఫ్ ద లేక్ అండ్ ద సబ్‌సీక్వెంట్ రిమూవల్ ఆఫ్ ఎన్‌క్రోచ్‌మెంట్స్." గ్రామర్ పరంగా ఫుల్ మార్కులు. కానీ పై పేరాలో ఉన్న మనుషులెక్కడ? భూమి ఇచ్చిన ప్రభుత్వం, సంఘంలో సభ్యుడైన మత్స్యకారుడు, లీజుకు తీసుకున్న పెట్టుబడిదారుడు, గట్లు కొట్టించిన ప్రభుత్వం, నలుగురూ మాయం. ప్రభుత్వం ఇచ్చిన భూమిలో వాటా ఉన్న లంక మనిషీ, ఊరి మొహం చూడకుండా లీజు డబ్బు కట్టిన మనిషీ "ఎన్‌క్రోచ్‌మెంట్" అనే ఒకే మూటలో పడ్డారు.

మా అమ్మమ్మగారి ఊరు కైకలూరు వైపు. అక్కడ మా తాతయ్యకి పేపర్లో "కొల్లేరు ఆక్రమణలు" అని కనపడితే చాలు, "అమ్మాయ్, చేసినోడెవడో రాయలేదేంటి?" అంటారు. తాతయ్యకి నామినలైజేషన్ అనే మాట తెలియదు. కానీ ఆయన అడిగేది సరిగ్గా మిస్సింగ్ ఆర్గ్యుమెంట్ గురించే. కర్త పేరు రాయకపోతే ఆ ఖాళీ అలాగే ఉండిపోదు, చదివేవాళ్లు తమకి తోచిన పేరు పెట్టుకుంటారు. హైదరాబాదులో కూర్చుని చదివినవాళ్లు లంకవాళ్లే అనుకుంటారు, లంకలో చదివినవాళ్లు బయటోళ్లే అనుకుంటారు. ఫ్రేజ్ ఒకటే, కథలు రెండు.

జార్జ్ ఆర్వెల్ 1946లో రాసిన "పాలిటిక్స్ అండ్ ద ఇంగ్లిష్ లాంగ్వేజ్" వ్యాసంలో గట్టిగా చెప్పింది ఇలాంటిదే. ఊళ్ల మీద బాంబులు వేయడాన్ని శాంతింపజేయడం అని, రైతుల్ని ఇళ్లలోంచి వెళ్లగొట్టడాన్ని జనాభా బదిలీ అని పిలిచే భాషని ఆయన ఎత్తిచూపాడు. పెద్ద నామపదాల వెనక మనుషులు కనపడరన్నమాట.

తెలుగు అడిగే ప్రశ్న

ఇప్పుడు టైటిల్‌లో ఉన్న ప్రశ్నకి వద్దాం. "ద రిడక్షన్ ఆఫ్ కొల్లేరు ఏరియా" అన్న ఫ్రేజ్‌ని తెలుగు చేయండి చూద్దాం.

"కొల్లేరు విస్తీర్ణం తగ్గుదల" అంటారా, "తగ్గింపు" అంటారా? తగ్గుదల అంటే అదే తగ్గింది. పూడిక పేరుకుంది, గట్లు లేచాయి, నీరు నిలిచే చోటు కుంచించుకుపోయింది. తగ్గింపు అంటే ఎవరో తగ్గించారు. కొల్లేరు విషయంలో ఈ రెండూ వేరువేరు విషయాలు. సరస్సు కుంచించుకుపోవడం పర్యావరణం గురించిన మాట. అభయారణ్యం హద్దుని 5వ కాంటూరు నుంచి 3వ కాంటూరుకి తగ్గించాలన్నది ఏళ్లుగా ఉన్న డిమాండ్, అది ప్రభుత్వం తీసుకోవాల్సిన నిర్ణయం గురించిన మాట. ఇంగ్లిష్‌లో "రిడక్షన్" రెండింటికీ సరిపోతుంది. తెలుగు మాత్రం "ఏదో ఒకటి తేల్చుకో" అంటుంది.

ఇలాంటి జతలు మనకి ఇంకా ఉన్నాయి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ గురించి రాస్తూ "ప్రైస్ ఇన్‌క్రీజ్" అంటే ఇంగ్లిష్‌లో సరిపోతుంది. తెలుగులో "ధర పెరుగుదల" వేరు, "ధర పెంపు" వేరు. పంట తక్కువొచ్చి రేటు లేస్తే పెరుగుదల. ఎవరో నిర్ణయించి పెంచితే పెంపు. బస్సు ఛార్జీలకి మనం "పెంపు" అనే అంటాం, ఎందుకంటే టికెట్ రేటు దానంతటదే పెరగదు కదా.

దీని వెనక ఉన్న లెక్క సింపుల్. తెలుగులో తగ్గు, తగ్గించు వేరువేరు క్రియలు. పెరుగు, పెంచు కూడా అంతే. నామపదం అయ్యాక కూడా ఆ తేడా చెరిగిపోదు. ఇంగ్లిష్‌లో "రెడ్యూస్", "ఇన్‌క్రీజ్", "షిఫ్ట్", "మూవ్" లాంటివాటికి రెండు పనులకీ ఒకే రూపం. నౌన్ చేయగానే ఏ పనో తెలియకుండా పోతుంది. తెలుగు నిర్మాణం ఇంకా వివరంగా కావాలంటే భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి 1985లో తెచ్చిన "ఎ గ్రామర్ ఆఫ్ మోడర్న్ తెలుగు" చూడండి. ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకమే, మనలాంటివాళ్లకి హాయిగా అర్థమవుతుంది.

తెలుగులో కూడా గోతులున్నాయి

తెలుగుని మరీ ఆకాశానికెత్తేయకూడదు. ఆటపాకలో పక్షుల కేంద్రం చూసినవాళ్లకి గూడబాతులు గుర్తుండే ఉంటాయి, అదే మనం పెలికాన్లు అంటాం కదా. "గూడబాతుల వేట" అంటే ఏంటి? గూడబాతులు చేపల్ని వేటాడటమా, గూడబాతుల్ని ఎవరైనా వేటాడటమా? ఒకటి రోజూ జరిగే సంగతి, ఇంకోటి జైలుకి పంపే నేరం. ఇంగ్లిష్‌లో "ద హంటింగ్ ఆఫ్ ద పెలికాన్స్" అన్నా ఇదే గొడవ.

ఇక్కడ '-అడం' మళ్లీ ఆదుకుంటుంది. "గూడబాతులు వేటాడటం" ఒకటి, "గూడబాతులను వేటాడటం" ఇంకోటి. ఒక్క 'ను' తో కేసు తేలిపోయింది. అంటే నామపదం పొట్టిదయ్యే కొద్దీ సమాచారం తగ్గుతోంది. "వేట", "ఆక్రమణ", "తొలగింపు" లాంటివి బాగా కుదించిన ఫైళ్లు. '-అడం' కొంచెం పెద్ద ఫైలు. "వేటాడిన సంగతి" ఇంకా పెద్ద ఫైలు, కానీ అందులో కాలం కూడా భద్రం. జిప్ ఫైల్ విప్పితే అంతా తిరిగి వస్తుంది, బాగా కుదించిన జేపెగ్ ఫొటోలో పోయిన వివరం ఇక రాదు. నౌన్ ఫ్రేజ్ ఈ రెండింట్లో ఏదో ముందే తెలుసుకోవాలి.

ఇంకో గొయ్యి: "గట్టు మీద కట్టడం చట్టవిరుద్ధం." కట్టే పని చట్టవిరుద్ధమా, కట్టేసిన షెడ్డు చట్టవిరుద్ధమా? ఇంగ్లిష్ "కన్‌స్ట్రక్షన్" కి కూడా సరిగ్గా ఇదే జబ్బు. పనికీ, ఆ పని వల్ల వచ్చిన వస్తువుకీ ఒకే పేరు ఉన్నచోట జాగ్రత్తగా ఉండాలి.

ఇంకా జారిపోయేవి మూడు

కర్త, కర్మ, కాలం గురించి చూశాం. పరీక్షల్లోనూ, ప్రాజెక్ట్ రిపోర్టుల్లోనూ ఎక్కువగా జారిపోయేవి ఇంకో మూడున్నాయి.

మొదటిది, "మే" లాంటి సందేహం. "ద కెనాల్ మే డ్రై అప్" అంటే కాలువ ఎండిపోవచ్చు. దీన్ని "ద డ్రైయింగ్ అప్ ఆఫ్ ద కెనాల్" అని రాస్తే కాలువని మనమే ఎండగట్టేసినట్టు. సందేహం కాస్తా నిజం అయిపోయింది. "ద పాజిబుల్ డ్రైయింగ్ అప్" అనో, "ద రిస్క్ ఆఫ్ ద కెనాల్ డ్రైయింగ్ అప్" అనో రాయాలి. తెలుగులో "ఎండిపోవడం" కాదు, "ఎండిపోయే ప్రమాదం" అంటాం కదా, అలా.

రెండోది, "నాట్". "ద కమిటీ డిడ్ నాట్ మీట్ ఇన్ జూన్" అంటే కమిటీ జూన్‌లో కూర్చోలేదు, అంతే. చాలామంది దీన్ని "ద కమిటీస్ ఫెయిల్యూర్ టు మీట్" అని మారుస్తారు. వినడానికి బాగుంది, కానీ "ఫెయిల్యూర్" లో నింద ఉంది. జూన్‌లో కూర్చోవాల్సిన పనే లేదేమో! తెలుగులో "కూర్చోకపోవడం" అంటే నింద లేదు, "కూర్చోవడంలో విఫలం" అంటే ఉంది. ఒరిజినల్‌లో లేనిది చేర్చినా అర్థం మారినట్టే.

మూడోది, "ఆఫ్టర్". "వాటర్ క్వాలిటీ ఫెల్ ఆఫ్టర్ ద ఫ్లడ్" అంటే వరద తర్వాత నీటి నాణ్యత పడిపోయింది. "ద ఫాల్ ఇన్ వాటర్ క్వాలిటీ డ్యూ టు ద ఫ్లడ్" అంటే వరద వల్ల. తర్వాత వేరు, వల్ల వేరు. ల్యాబ్ రిపోర్టులో ఈ ఒక్క మార్పు కొత్త క్లెయిమ్ కింద లెక్క. దానికి డేటా చూపించాల్సి వస్తుంది. "ద పోస్ట్-ఫ్లడ్ ఫాల్ ఇన్ వాటర్ క్వాలిటీ" అని రాస్తే గొడవ లేదు.

మరి నౌన్ ఫ్రేజ్ వాడకూడదా?

వాడాలి. అది లేకుండా హెడ్డింగ్ రాయలేం, సబ్జెక్ట్ లైన్ రాయలేం. ముందు చెప్పిన విషయాన్ని వెనక్కి తిరిగి ఒక్క మాటలో పట్టుకోవాలన్నా అదే దిక్కు. కర్త ఎవరో అవసరం లేనిచోట కూడా అది హాయి. "ద ఇవాపరేషన్ ఆఫ్ వాటర్" అన్నప్పుడు తాతయ్య కూడా "చేసినోడెవడు?" అని అడగరు.

నేను పాటించే రూల్ మన మొదటి సెమిస్టర్ సీ ల్యాబ్‌లోదే: వాడే ముందు డిక్లేర్ చెయ్యి. అంటే మొదటిసారి పూర్తి వాక్యం, ఎవరు, దేన్ని, ఎప్పుడు అన్నవన్నీ ఇచ్చి. రెండోసారి నుంచి నౌన్ ఫ్రేజ్. ఈ రెండు రకాలూ పోల్చండి.

ఒకటి: "ద డిగ్రడేషన్ ఆఫ్ ద లేక్ నెసెసిటేటెడ్ ద డిమాలిషన్ ఆఫ్ ద పాండ్స్."

రెండు: "ఇన్ 2006 ద స్టేట్ గవర్నమెంట్ డిమాలిష్డ్ ఫిష్ పాండ్స్ ఇన్‌సైడ్ ద శాంక్చురీ. దిస్ డిమాలిషన్ వాజ్ కాల్డ్ ఆపరేషన్ కొల్లేరు."

మొదటిదాంట్లో మనుషులే లేరు. పైగా "నెసెసిటేటెడ్" అనడంతో ఎవరో తీసుకున్న నిర్ణయం ప్రకృతి సహజంగా జరిగినట్టు ఉంది. రెండోదాంట్లో కూడా "డిమాలిషన్" అనే నౌన్ ఉంది, కానీ అది ఎవరి పనో ముందు వాక్యంలో రిజిస్టర్ అయిపోయింది. ఇక ఎన్నిసార్లు వాడినా రిఫరెన్స్ దొరుకుతుంది. గట్లు కొట్టించడం మంచిదంటారా, కాదంటారా అన్నది వేరే చర్చ. ఆ చర్చ చేయాలన్నా ముందు ఎవరు ఏం చేశారో వాక్యంలో ఉండాలి.

చెక్ చేసుకునే పద్ధతి

పద్ధతి ఇదీ. ఇంగ్లిష్ వాక్యాన్ని నౌన్ ఫ్రేజ్ చేశాక, ఆ ఫ్రేజ్‌ని తెలుగులో '-అడం' తో చెప్పుకోండి. అలా చెప్పేటప్పుడు "ఎవరు?", "ఎవరిని?", "అదే జరిగిందా, చేశారా?" అని నోరు ఆగిన ప్రతిచోటా ఒక ఆర్గ్యుమెంట్ పోయినట్టు. తర్వాత "-ఇన సంగతా, -బోయే సంగతా?" అని అడిగితే కాలం, సందేహం బయటపడతాయి. పోయినవాటిలో ఏది అవసరమో చూసి "బై", "ఆఫ్", "పాజిబుల్", "ఇన్ 2006" లాంటివాటితో తిరిగి పెట్టండి. ఫ్రేజ్ మరీ పొడుగైపోతే అది వాక్యంగా ఉండటమే మంచిదని అర్థం.

ప్రాక్టీసుకి మూడు వాక్యాలు ఇస్తున్నాను. ఒకటి, "ద మునిసిపాలిటీ మే షిఫ్ట్ ద ఆనియన్ మార్కెట్." రెండు, "ద బర్డ్స్ డిడ్ నాట్ నెస్ట్ హియర్ లాస్ట్ ఇయర్." మూడు, "ద విలేజర్స్ మూవ్డ్ ఆఫ్టర్ ద ఫ్లడ్." మూడింటినీ నౌన్ ఫ్రేజులు చేసి, ఒరిజినల్ చూపించకుండా మీ రూమ్మేట్‌కి ఇవ్వండి. వాటిని మళ్లీ వాక్యాలుగా రాయమనండి. మూడోదాంట్లో ఊరివాళ్లే కదిలారని రాస్తే మీరు పాసయినట్టు. వాళ్లని ఎవరో కదిలించారని రాస్తే మీ ఫ్రేజ్‌ని ఇంకోసారి విప్పి చూడండి.